ఆ నిబంధన నిన్న మొన్న వచ్చింది కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వరసబెట్టి రద్దయిన దగ్గర్నుంచీ మీ పత్రికలో ఆ వార్తలన్నీ వదలకుండా చదువుతున్నాను. శంషాబాద్‌లో మాల వేసుకున్న స్వాములు కొచ్చి విమానం కోసం పడిగాపులు కాసి, చివరికి ఓపిక నశించి నిరసనకు దిగడం, హుబ్బళ్లిలో ఒక కొత్త జంట తమ రిసెప్షన్‌కు తామే వీడియోలో హాజరు కావాల్సి రావడం, పెట్టెలు ఎక్కడున్నాయో తెలియక జనం నేల మీదే పడుకోవడం అన్నీ ఇచ్చారు, బాగానే ఇచ్చారు. కానీ కారణం దగ్గరకు వచ్చేసరికి దాదాపు ప్రతి వార్తలోనూ ఒకటే కనిపించింది: పైలట్ల డ్యూటీ, విశ్రాంతి గంటల మీద కొత్త నిబంధనలు అమల్లోకి రావడంతో పైలట్లు సరిపోలేదు, అందుకే ఇదంతా అని. అది చదివిన మామూలు మనిషికి ఏమనిపిస్తుంది? ఢిల్లీలో ఎవరో అధికారి రాత్రికి రాత్రి ఒక రూలు పెట్టాడు, పైలట్లు అదే సందని ఇంట్లో కూర్చున్నారు, పాపం కంపెనీ ఇరుక్కుపోయింది, అంతే కదా. మా వీధిలో టీ కొట్టు దగ్గర అచ్చం ఇలాగే మాట్లాడుకుంటుంటే ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రైల్వేలో లోకో పైలట్‌గా చేసి విజయవాడ డివిజన్‌లో రిటైరయ్యాను. విమానం నడపడం గురించి నాకేమీ తెలియదు. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య మనిషి బుర్ర ఎలా ఉంటుందో మాత్రం బాగా తెలుసు. ఇంజన్‌లో మేమిద్దరం ప్రతి సిగ్నల్‌నూ పైకి చెప్పుకోవాలి, నేను 'గ్రీన్' అంటే అసిస్టెంట్ కూడా చూసి 'గ్రీన్' అనాలి. ఆ టైములో నోరు గ్రీన్ అంటుంది, తల మాత్రం అక్కడ ఉండదు. డ్రైవరు మెలకువగా ఉన్నాడో లేడో కనిపెట్టడానికి ఇంజన్లలో ఒక పరికరం ఉంటుంది, అది అడిగినప్పుడల్లా బటన్ నొక్కాలి, లేకపోతే బ్రేకులు పడిపోతాయి. ఆ బటన్‌ను కునుకులోనే నొక్కేయడం అలవాటైన వాళ్లను నేను చూశాను. వాళ్లు బద్ధకస్తులు కాదు, తాగినవాళ్లు కాదు, మంచి పనిమంతులు. వరసగా మూడు రాత్రులు డ్యూటీ పడితే ఒళ్లు మన మాట వినదు, అంతే.

ఇక అసలు సంగతి. విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఆ నిబంధనలను ప్రకటించింది 2024 జనవరిలో. అదే ఏడాది జూన్ 1 నుంచి అమలు చేయాలన్నది అప్పటి మాట. విమాన సంస్థలు అప్పుడే కుదరదన్నాయి, డీజీసీఏ వాయిదా వేసింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. కోర్టు ముందు డీజీసీఏ ఒక లెక్క చెప్పింది, 22 క్లాజుల్లో 15 క్లాజులు 2025 జులై 1 నుంచి, మిగిలిన ఏడు నవంబరు 1 నుంచి అమలు చేస్తామని. అంటే మొదటి ప్రకటనకూ చివరి అమలుకూ మధ్య ఇరవై రెండు నెలలు. మా రైల్వేలో పరీక్ష పెట్టి, ట్రైనింగ్ ఇచ్చి, దారీ సిగ్నళ్లూ అలవాటయ్యేలా రోడ్ లెర్నింగ్ చేయించి ఒక కొత్త అసిస్టెంటును ఇంజన్ ఎక్కించడానికి సరిపోయే కాలం అది.

ఆ క్లాజుల్లో ఏముందని? వారంలో వరసగా ఇవ్వాల్సిన విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలైంది. రాత్రి డ్యూటీ అంటే ఇదివరకు అర్ధరాత్రి నుంచి అయిదింటి దాకా లెక్క, ఇప్పుడు ఆరింటి దాకా. రాత్రి వేళ ఒక డ్యూటీలో ఆరు ల్యాండింగుల దాకా చేయించే వీలుండేది, దాన్ని రెండుకు తగ్గించారు. ఇంకొకటి, పైలట్ తన సెలవు వాడుకుంటే దాన్ని వారపు విశ్రాంతి కింద జమ కట్టేయకూడదన్నారు. ఈ చివరిది చదవగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ కిటుకు ఎవరు కనిపెట్టారో గానీ మా లాబీలో కూర్చుని డ్యూటీలు వేసే క్రూ కంట్రోలర్లకు కూడా అది కొత్త కాదు.

ఇందులో కంపెనీకి తెలియనిది ఏదైనా ఉందా? దేశంలో ఎగిరే ప్రయాణికుల్లో నూటికి అరవై మందికి పైగా ఇండిగోలోనే వెళ్తున్నారు, రోజుకు రెండు వేలకు పైగా సర్వీసులు. అంత పెద్ద సంస్థ దగ్గర ఎంతమంది కెప్టెన్లున్నారు, నవంబరు నుంచి ఎంతమంది కావాలి అని లెక్క వేయడానికి కంప్యూటర్లు లేవా? రెండేళ్ల వ్యవధి దొరికినా ఆ సంస్థ కొత్త నియామకాలు ఆపేసిందని, జీతాలు పెంచకుండా పట్టి ఉంచిందని, ఒకరి పైలట్లను ఒకరు తీసుకోకూడదని సంస్థలు లోపాయికారీగా అనుకున్నాయని ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ పైలట్స్ బాహాటంగా ఆరోపించింది. ఆరోపణే అనుకుందాం. కానీ అవే నిబంధనలు అన్ని సంస్థలకూ వర్తిస్తుంటే ఇంత భారీగా కుప్పకూలింది ఒక్క సంస్థే ఎందుకయింది అన్న ప్రశ్నకు వేరే జవాబు నాకు దొరకలేదు. సమస్య ఇండిగో తన సిబ్బందికి డ్యూటీలు వేసుకునే తీరులోనే ఉందని విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారే రాజ్యసభలో చెప్పారు కదా.

మరి ఆ శాఖే డిసెంబరు 5న చేసిందేమిటి? ఆ ఒక్క రోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయని ఇండిగో అప్పటి సీఈవో పీటర్ ఎల్బర్స్ వీడియోలో క్షమాపణ చెప్పిన రోజది. సెలవును వారపు విశ్రాంతిలో కలపకూడదన్న క్లాజును అన్ని సంస్థలకూ వెనక్కి తీసుకున్నారు. ఇండిగోకు మాత్రం ప్రత్యేకంగా, రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు. తప్పు లెక్క వేసింది యాజమాన్యం, ఆ లెక్క సరిచేయడానికి తీసుకున్నది మాత్రం పైలట్ల నిద్ర. తర్వాత నాలుగు రోజులకు షెడ్యూల్‌లో పది శాతం కోత పెట్టారు, అంతకుముందే టికెట్ ధరలకు దూరాన్ని బట్టి 7,500 నుంచి 18,000 రూపాయల దాకా పరిమితి పెట్టారు, మంచిదే. ఆ కోతేదో ముందే పెట్టి ఉంటే మినహాయింపు అవసరం ఎంత ఉండేదో ఎవరూ అడగలేదు. మీరు కూడా.

(ఆ నాలుగు రోజులూ రైల్వే వాళ్లు ప్రత్యేక రైళ్లు వేశారు, ఉన్న రైళ్లకు బోగీలు తగిలించారు. మన దక్షిణ మధ్య రైల్వే కూడా వేసింది. బాగుంది. ఆ రైళ్లు నడిపిన వాళ్ల రెస్ట్ సంగతి ఎవరైనా చూశారా అన్నది వేరే ఉత్తరానికి సరిపడా విషయం. మా వాళ్లు వారపు విశ్రాంతి సరిగ్గా లెక్కకట్టమని 2025 ఫిబ్రవరిలో 36 గంటలు అన్నం మానేసి డ్యూటీ చేశారు, ఆ వార్త ఏ పత్రికలో ఏ పేజీలో వచ్చిందో కూడా నాకు గుర్తులేదు.)

నిద్రలేమి అనగానే అదేదో సౌకర్యం, కోరిక, పైలట్లు బేరమాడి తెచ్చుకునేది అనుకునే వాళ్లు మంగళూరు ప్రమాదం విచారణ నివేదిక చదవాలి. 2010 మే 22, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం ఆరు దాటగానే మంగళూరు రన్‌వే మీద ఆలస్యంగా నేల తాకి, ఆగలేక లోయలోకి దూసుకుపోయింది. 158 మంది పోయారు, ఎనిమిది మంది బతికారు. ఆ సిబ్బందే ముందు రోజు రాత్రి మంగళూరు నుంచి దుబాయ్ తీసుకెళ్లి, మళ్లీ అదే రాత్రి తిరిగి వచ్చారు. దారిలో ఎక్కువ సేపు కెప్టెన్ నిద్రపోయాడు, కాక్‌పిట్ రికార్డరులో గురక వినిపించింది. లేచిన తర్వాత ఆ మత్తు వదలక తప్పుడు నిర్ణయం తీసుకుని ఉంటాడని, పక్కనున్న సహ పైలట్, అంటే ఫస్ట్ ఆఫీసర్, మళ్లీ పైకి లేపుదామని చెప్పినా దిగడానికే పూనుకున్నాడని విచారణలో తేల్చారు. అయిదు నుంచి ఆరు మధ్య ఆ ఒక్క గంటను కూడా రాత్రిలో కలపాలని ఎందుకు అడుగుతున్నారో అర్థం కావడానికి ఇంతకన్నా ఏం కావాలి? 2023 ఆగస్టులో నాగపూర్‌లో ఒక ఇండిగో కెప్టెన్ విమానం ఎక్కే ముందు బోర్డింగ్ గేటు దగ్గరే కుప్పకూలి చనిపోయాడు. అది అలసట వల్లేనని ఎవరూ తేల్చలేదు, నేనూ అనను. కానీ అప్పటి నుంచే ఈ డ్యూటీ గంటల గొడవ జనం నోట్లో పడింది.

మా చెల్లెలి కొడుకు ఒక సంస్థలో ఫస్ట్ ఆఫీసర్. సంస్థ పేరు వద్దు. మొన్న కార్తీక మాసం మొదట్లో, నవంబరు 1 నిబంధనలు ఇంకా రాకముందు, మా ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి గది కిటికీలకు దుప్పట్లు కట్టి పడుకున్నాడు, సాయంత్రం నాలుగున్నరకు లేచి అన్నం తిన్నాడు, మళ్లీ ఏడింటికి పడుకునే ప్రయత్నం చేశాడు. వాళ్ల అమ్మ 'ఏంట్రా ఇది, జ్వరమొచ్చిన వాడిలా' అంటే, 'ఎల్లుండి రాత్రి పదకొండున్నరకు పికప్ అమ్మా, ఇప్పట్నుంచే ఒంటిని తిప్పుకోకపోతే అక్కడ కళ్లు మూసుకుపోతాయి' అన్నాడు. ఈలోగా టింగుమని ఫోను, డ్యూటీల పట్టిక, అదే రోస్టర్, మారింది. పదకొండున్నర పికప్ కాస్తా తెల్లవారుజామున మూడున్నర అయింది, పైగా రెండు సెక్టార్లు కాదు, నాలుగు, అంటే నాలుగుసార్లు ఎగిరి దిగాలి. ఆ రోజు వాడు దుప్పట్లు కట్టి తెచ్చుకున్న నిద్ర దేనికీ పనికిరాకుండా పోయింది. కాగితం మీద చూస్తే అంతా నిబంధనల ప్రకారమే ఉంది, రెస్ట్ గంటలు సరిగ్గానే ఉన్నాయి, ఒక్క నిమిషం కూడా తక్కువ లేదు. ఆ రోస్టర్ వేసే సాఫ్ట్‌వేర్‌కు గరిష్ఠ పరిమితి అంటే అక్కడి దాకా వెళ్లొచ్చు అని అర్థం. ఏడాదికి వెయ్యి గంటలు మించకూడదని ఉంటే ఆ వెయ్యి గంటలే దానికి గమ్యం.

'అలసిపోయానని ఫెటీగ్ రిపోర్ట్ పెట్టొచ్చు కదరా' అన్నాను. నవ్వాడు. పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు, ఏమీ కాదు, ఆఫీసుకు పిలిచి మర్యాదగానే మాట్లాడతారు, కెప్టెన్‌ను చేసే కమాండ్ అప్‌గ్రేడ్ జాబితా వచ్చినప్పుడు మాత్రం పేరు కాస్త కిందికి జరుగుతుంది. అందుకని రిపోర్ట్ బదులు సిక్ పెడతారు. సిక్ ఎక్కువైతే డాక్టరు సర్టిఫికెట్ అంటారు. రైల్వేలో మేమూ ఇదే చేశాం, ఒంట్లో బాగానే ఉండి నిద్ర లేనప్పుడు దానికి వేరే దారి లేదు, అన్‌ఫిట్ అని రాయించుకోవాలి.

ఇక్కడ మీ పాఠకుల్లో చాలామంది అనే మాట నాకు తెలుసు. 'నెలకు లక్షల్లో జీతాలు, స్టార్ హోటల్లో బస, వీళ్లకేంటి బాధ' అని. జీతాలు ఎక్కువే, కాదనను. కెప్టెన్ సంపాదన మా రోజుల్లో మేం కలలో కూడా చూడనిది. అయితే ఆ కుర్రాడు ఆ సీట్లో కూర్చోవడానికి లైసెన్సుకీ, ఆపైన ఫలానా రకం విమానం నడపడానికి ఇచ్చే టైప్ రేటింగుకీ కలిపి ఇంటిమీద అప్పు తెచ్చారు మా బావగారు, ఆ వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇలా పొలమో ఇల్లో కుదువ పెట్టి పిల్లల్ని ఫ్లయింగ్ స్కూళ్లకు పంపిన వాళ్లు చాలామంది ఉన్నారు. అంత అప్పు నెత్తిన ఉన్నవాడు మేనేజర్ ముందు గొంతెత్తి మాట్లాడతాడా? అదీగాక జీతంలో పెద్ద భాగం ఎగిరిన గంటలకే. విమానం గేటు దగ్గర మూడు గంటలు ఆలస్యమైతే లోపల కూర్చున్న వాడి డ్యూటీ గంటలు కరుగుతూనే ఉంటాయి, మీటరు మాత్రం తిరగదు. అయినా జీతం ఎంతన్నది అసలు ప్రశ్నే కాదు. పది లక్షలిచ్చినా తెల్లవారుజామున నాలుగింటికి మెదడు నాలుగింటి మెదడే.

సరే, నచ్చకపోతే మానేసి వేరే సంస్థకు పోవచ్చు కదా అంటారు. అక్కడికే వస్తున్నా. మన దేశంలో ఫస్ట్ ఆఫీసర్ ఉద్యోగం మానాలంటే ఆరు నెలల నోటీసు, కెప్టెన్ అయితే ఏడాది. 2017 నుంచి డీజీసీఏ పెట్టిన నిబంధన ఇది, పైలట్లు దీన్ని కూడా కోర్టులో సవాలు చేశారు. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు నోటీసు కాలం పూర్తి చేయకుండా వెళ్లిపోతే ఆ సంస్థ బాంబే హైకోర్టుకెక్కింది, విమానాలు రద్దు చేసుకుంది. కంపెనీ కష్టం కంపెనీదే, కాదనను. అదే కంపెనీలు డ్యూటీ గంటలు తగ్గించమని డీజీసీఏ చెబితే ఇరవై రెండు నెలలు కూడా చాలవన్నాయి. ఒక మనిషి ఏడాది ముందు చెప్పాలి, సంస్థలు మాత్రం రెండేళ్ల ముందు తెలిసినా సిద్ధం కాకపోవచ్చు!

గొంతెత్తిన చోట ఏం జరిగిందో కూడా చూశాం. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు యూనియన్ పెట్టుకుంటే ఇద్దర్ని తీసేశారు, మిగతా వాళ్లు మూకుమ్మడిగా సిక్ పెట్టి కొన్ని రోజులు విమానాలు ఆపారు. 2012లో ఎయిర్ ఇండియా పైలట్ల సమ్మె 58 రోజులు నడిచింది, మధ్యలో వంద మందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసేశారు. 2022లో కోవిడ్ కాలపు జీతాల కోత మీద సమ్మెకు సిద్ధమవుతున్నారని ఇండిగో కొందరు పైలట్లను సస్పెండ్ చేసింది. 2024 ఏప్రిల్‌లో విస్తారా పైలట్లు, ఎయిర్ ఇండియాలో విలీనం పేరుతో కొత్త కాంట్రాక్టు ఇచ్చి గ్యారంటీ జీతానికి లెక్కేసే గంటల్ని 70 నుంచి 40కి దించితే, వరసగా సిక్ పెట్టారు. ఆ మరుసటి నెలలోనే ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో క్యాబిన్ సిబ్బంది కూడా అదే పని చేశారు. పాతిక మందిని తీసేసి, ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ దగ్గర కూర్చున్నాక మళ్లీ తీసుకున్నారు. చూడండి, దాదాపు ప్రతిసారీ సిక్ లీవే. మాట్లాడుకోవడానికి బల్ల లేని చోట జబ్బే ఆయుధం అవుతుంది. ఇప్పుడు అలాంటి మూకుమ్మడి సెలవులకూ దారి మూస్తున్నారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సగం మంది గానీ అంతకు మించి గానీ కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెడితే అదీ సమ్మె కిందే లెక్క, సమ్మెకు ముందస్తు నోటీసు తప్పనిసరి. ఈ కోడ్ వచ్చిన రెండు వారాలకే ఇండిగో గొడవ. సమ్మె చేయకుండానే విమానాలు ఆగిపోయాయన్నది గమనించారా? ఈసారి పైలట్లు ఎవరూ పని మానలేదు. నిబంధనలో రాసినట్టు రెస్ట్ తీసుకున్నారు, అంతే. దానికే దేశం ఆగిపోయింది.

యాజమాన్యాల వైపు చెప్పాల్సింది లేదని కాదు. విమానం అద్దె డాలర్లలో కట్టాలి, ఇంధనం ధర వాళ్ల చేతిలో లేదు, రాత్రంతా ఖాళీగా నిలబెడితే దమ్మిడీ రాదు. కింగ్‌ఫిషర్, జెట్ ఎలా మునిగిపోయాయో, నెలల తరబడి జీతాలు రాక పైలట్లు ఎలా రోడ్డున పడ్డారో అందరం చూశాం. సంస్థ బతకాలని పైలట్లకు కూడా ఉంటుంది. అర్ధరాత్రి విమానం రెండు వేలు తక్కువని మనమే కదా ఎగబడి కొంటాం. నా కూతురు బెంగళూరు నుంచి ఎప్పుడొచ్చినా తెల్లవారుజాము విమానమే, అదే చవక. కానీ ఆ చవక దేన్ని కోసి ఇస్తున్నారో టికెట్ మీద రాయరు. ఖర్చు తగ్గించే చోట్లు వందుంటాయి, మిగులు సిబ్బంది లేకుండా నడపడం వాటిలో ఒకటి, అన్నిటికన్నా కనపడనిది కూడా అదే. వాన, పొగమంచు, సాఫ్ట్‌వేర్ లోపం ఏదొచ్చినా సర్దుకోవడానికి స్టాండ్‌బైలో, అంటే పిలిస్తే వచ్చేలా, నలుగురు ఉండాలి. ఆ నలుగురికి ఊరికే జీతమిస్తున్నామని అనుకునే మేనేజరు ఉన్నంత కాలం ప్రతి చలికాలం ఇదే బాగోతం.

మంత్రి మన శ్రీకాకుళం ఆయన, కుర్రవాడు, చదువుకున్నవాడు, అడిగితే జవాబిస్తాడన్న నమ్మకంతో అంటున్నాను. ఒక సంస్థ వేసవికో శీతాకాలానికో ఇన్ని సర్వీసులు నడుపుతానని షెడ్యూల్ పట్టుకొస్తే, వాటికి సరిపడా కెప్టెన్లు, ఫస్ట్ ఆఫీసర్లు, స్టాండ్‌బైతో సహా ఉన్నారో లేదో చూడకుండా డీజీసీఏ ఎలా ఆమోదించింది? ఈ గొడవ తర్వాత నలుగురు ఇన్‌స్పెక్టర్లను తీసేశారు. ఆ నలుగురే ఆమోదించారా, వాళ్ల పైన ఎవరూ సంతకం పెట్టలేదా? ఏ సంస్థలో ఎన్ని ఫెటీగ్ రిపోర్టులు వచ్చాయి, ఎన్నింటిని ఒప్పుకున్నారు అన్నది మూడు నెలలకొకసారి బయటపెట్టడానికి ఏమిటి అభ్యంతరం? విమానాలు ఎంత సమయానికి నడిచాయో నెలనెలా ప్రకటిస్తూనే ఉన్నారు కదా, దాని పక్కనే ఈ అంకె కూడా వేయొచ్చు. సెలవును విశ్రాంతిలో కలిపే వీలు ఒక్క సంస్థ కోసం అందరికీ ఎందుకిచ్చారు, దాన్ని ఎప్పుడు వెనక్కి తీసుకుంటారు? దానికి ఫిబ్రవరి 10 లాంటి గడువు కూడా ఎక్కడా కనపడలేదు.

మీ పత్రికకు ఢిల్లీలో విలేకరి ఉన్నారు. ఇప్పుడు అందరూ వాపసు డబ్బుల గురించి, పెట్టెల గురించి రాస్తున్నారు, రాయాల్సిందే. దయచేసి ఆయన్ని 2026 ఫిబ్రవరి 11 ఉదయం డీజీసీఏ ఆఫీసుకు వెళ్లి, ఇండిగోకిచ్చిన మినహాయింపు నిన్నటితో అయిపోయిందా లేక మళ్లీ పొడిగించారా అని అడిగి, వచ్చిన జవాబును మొదటి పేజీలో వేయమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లోకో పైలట్,
విజయవాడ